సీజన్ మధ్యలో బగ్ వస్తే: మా గిట్ బ్రాంచ్‌ల కథ

[తెర మీద: దామలచెరువు మామిడి మండీ, తూకానికి నిలబడిన తోతాపురి ట్రాక్టర్లు]

నమస్తే అండీ. తిరుపతిలో ముగ్గురం కలిసి మామిడి మండీలకు తూకం బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తాం. మూడేళ్ల కింద, జూన్‌లో, ఒక మండీ నుంచి ఫోన్. "ఏంప్పా, ఖాళీ బండి బరువు రెండుసార్లు తీసేస్తా ఉంది మీ కంప్యూటర్. రైతులు గొడవ చేస్తా ఉండారు!"

ఒక్క లైన్ మారిస్తే పోయే బగ్. కానీ పంపలేం. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ అనే సాధనం వాడతాం. అందులో ఒక్కో పనిని విడిగా నడిపే దారిని బ్రాంచ్ అంటారు. మాకున్నది ఒకటే బ్రాంచ్, మెయిన్. రైతులకు ఎస్‌ఎంఎస్ పంపే కొత్త పని అందులోనే సగం రాసి పెట్టున్నాం. బగ్ సరిచేసి పంపితే దాంతోపాటు ఆ సగం పనీ మండీకి వెళ్లిపోతుంది, రైతులకు ఉత్తుత్తి మెసేజ్‌లు వెళ్తాయి. ఆ రాత్రి టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు.

[తెర మీద: కమిట్‌లు చుక్కలుగా, ఒక చుక్క మీద 'మెయిన్' చీటీ]

బ్రాంచ్ అంటే ఫోల్డర్ మొత్తానికి కాపీ అనుకుని అప్పట్లో భయపడేవాళ్లం. కాదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ కోసం రాసిన ఈ గిట్‌లో, బ్రాంచ్ ఒక కమిట్‌కు, అంటే ఆ క్షణాన దాచిన కోడ్ రూపానికి, అంటించిన చీటీ మాత్రమే. చీటీ మీద మామూలుగా ఉండేది 40 అక్షరాల కమిట్ నంబరు, అంతే. కొత్త కమిట్ పడితే చీటీ ముందుకు జరుగుతుంది. ట్యాగ్ కూడా చీటీయే, కానీ అది జరగదు.

ఆ జరగని చీటీయే మమ్మల్ని బతికించింది. ఇప్పుడు మండీకి ఏది పంపినా ఆ కమిట్‌కు ట్యాగ్ వేస్తాం, 1.4 అని. బగ్ వస్తే మెయిన్ జోలికి పోకుండా, 1.4 దగ్గర నుంచే హాట్‌ఫిక్స్ బ్రాంచ్, అంటే అర్జెంటు సవరణకు వేరే బ్రాంచ్, తీస్తాం. సరిచేసి, 1.4.1 అని పంపేస్తాం. ఎస్‌ఎంఎస్ పని దాని బ్రాంచ్‌లో అది నడుస్తుంటుంది.

[తెర మీద: హాట్‌ఫిక్స్ గీత మెయిన్‌లో కలవకుండా ఆగిపోతుంది]

అయితే మరుసటి సీజన్‌లో 1.5 పంపిన రోజే మళ్లీ ఆ మండీ ఆయనే ఫోన్. "అదే కదప్పా మళ్లీ!" హాట్‌ఫిక్స్‌ను మెయిన్‌లో కలపడం మరిచిపోయాం. మెయిన్ నుంచి వచ్చిన 1.5లో పాత బగ్ భద్రంగా ఉంది.

2010లో ప్రోగ్రామర్ విన్సెంట్ డ్రీసెన్ చెప్పిన గిట్ ఫ్లో పద్ధతిలో బ్రాంచ్‌లు చాలానే ఉంటాయి. రోజూ అప్‌డేట్ అయ్యే వెబ్‌సైట్‌కు అంత వద్దు, ఇంకా తేలికైన పద్ధతి చూసుకోండని 2020లో ఆయనే రాశారు. నా మాటా అదే: వెబ్‌సైట్‌కు మెయిన్, రెండు మూడు రోజుల్లో కలిసిపోయే చిన్న బ్రాంచ్‌లు చాలు. మా సాఫ్ట్‌వేర్ మండీ కంప్యూటర్లలో కూర్చుని ఉంటుంది కాబట్టి పాత వెర్షన్లను వదల్లేం.

[తెర మీద: టెర్మినల్]

ఇప్పుడు హాట్‌ఫిక్స్ పంపాక 'గిట్ బ్రాంచ్', రెండు హైఫన్లు పెట్టి 'కంటెయిన్స్', ఆ కమిట్ నంబరు కొడతాం. ఆ కమిట్ ఏయే బ్రాంచ్‌లలో ఉందో వరసగా చూపిస్తుంది. ఆ ఒక్క మార్పునే నకలు తీసి మెయిన్‌లో వేస్తే (చెర్రీ పిక్) కమిట్ నంబరు మారిపోయి ఇందులో కనబడదు, అందుకే బ్రాంచ్‌నే కలిపేస్తాం (మెర్జ్). ఆ వరసలో మెయిన్ కనబడ్డాకే భోజనానికి లేస్తాం.