బార్సిలోనా తీరంలో రెండు గంటల సెయిలింగ్: ఏ టైముకు ఎక్కాలి, ఎలా దూకాలి, ఎక్కణ్ణుంచి చూడాలి

(తెర మీద: సముద్రంలోంచి నగరం. ఎడమ చివర మొంజుయిక్ కొండ, వెనకాల టిబిదాబో శిఖరం, కుడి చివర మూడు పొడవాటి పొగగొట్టాలు. ముందు తెల్ల తెరచాప ఒకటి పక్కకు వాలి పోతోంది.)

బార్సిలోనాలో సెయిలింగ్ టికెట్ కొనేవాళ్లు ముందు పడవ ఫొటో చూస్తారు. తర్వాత ధర, ఆపైన లోపల డ్రింకులు ఇస్తారా లేదా అని. బయల్దేరే టైము దగ్గరికొచ్చేసరికి ఖాళీగా ఉన్నదేదో నొక్కేస్తారు. అసలు తేడా అంతా అక్కడే ఉంది. పడవ అదే, దాన్ని నడిపే స్కిప్పరూ అతనే. అయినా పొద్దున 10 గంటలకు ఎక్కితే ఒక ప్రయాణం, మధ్యాహ్నం 3కి ఎక్కితే ఇంకో ప్రయాణం, సాయంత్రం ఎక్కితే మూడోది. ఈత, గాలి, నగరం కనిపించే తీరు... మూడూ ఒకే గంటలో కుదరవు.

ఎందుకో మ్యాపులో చూద్దాం.

(తెర మీద: మ్యాపు. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలు గీతలా.)

బార్సిలోనా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ముఖం ఆగ్నేయానికి. విశాఖ వాళ్లకిది చెప్పక్కర్లేదు, మన తీరం వాలు కూడా ఇంచుమించు ఇదే. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. అంటే పొద్దున సముద్రంలోంచి చూస్తే భవనాల ముఖాల మీద ఎండ నేరుగా పడి ప్రతి కిటికీ కనిపిస్తుంది. సాయంత్రం చూస్తే ఊరంతా నల్లటి నీడబొమ్మ, వెనకాల ఎర్రటి ఆకాశం. ఫొటోలకు రెండూ బాగుంటాయి, కానీ రెండూ వేరు.

ఇక గాలి. వేసవిలో నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నింపాదిగా. నేల మీద వేడెక్కిన గాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. కోస్తా ఊళ్లలో సాయంత్రం అరుగు మీద కూర్చుంటే తగిలే పైరగాలి ఇలా పుట్టేదే. బార్సిలోనాలో ఇది దాదాపు మధ్యాహ్నం 12కి మొదలవుతుంది. మొదట నేరుగా సముద్రం మీంచే వస్తుంది. భూభ్రమణం వల్ల గంట గంటకూ కుడికి మళ్లి, చివరికి నైరుతి గాలిగా తీరం వెంట వీస్తుంది. దీన్నే అక్కడివాళ్లు గర్బీ అంటారు. మంచి వేసవి మధ్యాహ్నం 10 నుంచి 15 నాట్లు ఉంటుంది, అంటే గంటకు 18 నుంచి 28 కిలోమీటర్లు. 2024లో అమెరికాస్ కప్ పడవ పందేలు జరిగింది ఈ నీళ్లలోనే.

ఇప్పుడు టైముల సంగతి. ఉదయం 10 గంటల పడవలో గాలి 5 నాట్లు కూడా ఉండకపోవచ్చు. తెరచాప ఎత్తుతారు, అది దుప్పటిలా వేలాడుతుంది. పడవను నడిపేది ఇంజనే. సెయిలింగ్ అనుకుని ఎక్కినవాళ్లు నిరాశపడేది ఇక్కడే. కానీ నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. పిల్లలుంటే, ఈత అంతంత మాత్రంగా వచ్చినవాళ్లుంటే ఇదే మంచి టైము.

మధ్యాహ్నం 3కి ఎక్కితే అసలైన సెయిలింగ్. ఇంజన్ ఆపేస్తే నీటి చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. పడవ ఒక పక్కకు వాలుతుంది. అర మీటరు, ఒక్కోసారి మీటరు దాకా అల. ఎండ గురించి ఒక మాట: స్పెయిన్ గడియారం సూర్యుడి కన్నా బాగా ముందుంటుంది. వేసవిలో అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 2 దగ్గర. కాబట్టి అక్కడి 3 గంటల ఎండ మన ఒంటిగంట ఎండ.

సాయంత్రం స్లాట్ ముందే అమ్ముడైపోతుంది. జూన్ చివర్లో సూర్యాస్తమయం దాదాపు 9:30కి. అయితే ఆ టైము సమతలంగా ఉన్న నేలకు వేసిన లెక్క. ఊరి వెనక కొల్సెరోలా కొండలున్నాయి, టిబిదాబో శిఖరం 512 మీటర్లు. సూర్యుడు దాదాపు పావుగంట ముందే దాని చాటుకు పోతాడు. 9:30కి కెమెరా తీద్దామనుకుంటే ఆలస్యమే. ఇంకో చిక్కుంది. గర్బీ ఆ సమయానికి తగ్గిపోతుంది, అది లేపిన అల మాత్రం ఇంకాసేపు ఉంటుంది. గాలి లేని తెరచాప పడవను స్థిరంగా పట్టి ఉంచలేదు. పడవ ఊరికే అటూ ఇటూ ఊగుతుంది.

మూడిట్లో తలా కొంచెం కావాలంటే 12 గంటల స్లాట్ తీసుకుని, ఎక్కగానే స్కిప్పర్‌తో "ముందు ఈత, తర్వాత తెరచాప" అని చెప్పండి. గాలి లేనప్పుడు దూకుతారు, గాలి వచ్చేసరికి పడవలో ఉంటారు.

(తెర మీద: పోర్ట్ ఒలింపిక్. జెట్టీల మధ్య మాస్టుల వరస, అంటే తెరచాపలు కట్టే స్తంభాలు.)

రెండు గంటలంటే నీటి మీద రెండు గంటలూ తెరచాప ప్రయాణం కాదు. ఎక్కించి, జాగ్రత్తలు చెప్పి, ఇంజన్‌తో రేవు దాటేసరికి 20 నిమిషాలు. వచ్చేటప్పుడూ అంతే. ఈతకు అరగంట. మిగిలింది 50 నిమిషాలు. 5 నాట్ల వేగంతో ఆ సేపట్లో పోయేది నాలుగు నాటికల్ మైళ్లు, అంటే దాదాపు ఏడున్నర కిలోమీటర్లు, వెళ్లిరావడం కలిపి. అందుకే ఎవరూ మిమ్మల్ని దూరం తీసుకెళ్లరు. గాలి నైరుతి నుంచి వీస్తుంటే తెలిసిన స్కిప్పర్ ముందు నైరుతికే పోతాడు. గాలికి నేరుగా ఎదురు ఏ తెరచాప పడవా పోలేదు. 45 డిగ్రీలు పక్కగా, వంకరటింకరగా పోవాలి. కష్టం ముందే అయిపోతే తిరుగు ప్రయాణం గాలివాటున హాయిగా సాగుతుంది. వరస తిరగబడితే రేవుకు చేరడం ఆలస్యమై ఇంజన్ మోతతో ముగుస్తుంది.

పడవలు ఎక్కువగా పోర్ట్ ఒలింపిక్ నుంచో పోర్ట్ వెల్ నుంచో బయల్దేరతాయి. పోర్ట్ ఒలింపిక్ 1992 ఒలింపిక్స్ సెయిలింగ్ పోటీల కోసం కట్టింది. రేవు దాటగానే బయటి సముద్రమే. పోర్ట్ వెల్ పాత రేవు. అక్కణ్ణుంచి బయటి నీళ్లకు రావడానికే చాలాసేపు పడుతుంది, ఆ సేపు మీ రెండు గంటల్లోంచే పోతుంది. టికెట్ మీద ఏ రేవో చూసుకోండి. పేర్లు కలగాపులగం చేసుకుని ఒక రేవులో నిలబడి ఇంకో రేవులోని పడవ కోసం వెతికేవాళ్లు రోజూ ఉంటారు.

సాధారణంగా ఇచ్చేది 10 నుంచి 13 మీటర్ల పడవ, ఒకే మాస్ట్, రెండు తెరచాపలు. ప్రకటనల్లో "11 మంది, 12 మంది" అని ఎందుకుంటుందంటే, 12 మందికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్రయాణికుల నౌక కిందికి వస్తుంది, దాని షరతులు వేరు.

(తెర మీద: పడవ అడ్డుకోత బొమ్మ. కింద రెక్కలా కీల్.)

వాలినప్పుడు తిరగబడుతుందేమోనని అందరికీ భయమే. పడవ అడుగున రెక్కలాంటి కీల్ ఉంటుంది, సీసమో ఇనుమో. పడవ బరువులో దాదాపు మూడో వంతు అక్కడే. పడవ ఎంత వాలితే ఆ బరువు అంత పక్కకు వచ్చి అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. పైగా వాలిన తెరచాపకు గాలి తక్కువ తగులుతుంది. 15, 20 డిగ్రీలు వాలడం మామూలే. అప్పుడు ఎత్తుగా ఉన్న పక్కన కూర్చోండి.

గాయాలయ్యేది తిరగబడి కాదు, రెండు వస్తువుల వల్ల. ఒకటి బూమ్, అంటే పెద్ద తెరచాప అడుగున అడ్డంగా ఉండే కడ్డీ. పడవ దిశ మారేటప్పుడు అది తలల ఎత్తులో ఇటునుంచి అటు వస్తుంది. స్కిప్పర్ కేక వేయగానే తల వంచాలి, ఫొటో తర్వాత. రెండోది విన్చ్, తాడు బిగించే రాట్నం. తాడును సవ్యదిశలో రెండు మూడు చుట్లు చుట్టి లాగుతారు. మీకూ లాగే అవకాశం ఇస్తారు. పిడికిలి విన్చ్‌కు జానెడు దూరంలో ఉంచండి, వేళ్లు చుట్ల మధ్యకు పోకూడదు. చున్నీ, వదులు జుట్టు, పొడవు గొలుసు ఉంటే కట్టేసుకున్నాకే పట్టుకోండి.

(తెర మీద: తీరం నుంచి 200 మీటర్లు, 500, 1500. అదే దృశ్యం, మూడు దూరాలు.)

నగరం చూడాలంటే తీరానికి దగ్గరగా పోవాలనుకుంటారు. తప్పు. బీచ్‌లో నిలబడితే ముందు వరస అపార్టుమెంట్లే కనిపిస్తాయి. సగ్రాదా ఫమీలియా చర్చి తీరానికి రెండు కిలోమీటర్లకు పైగా లోపల ఉంది, బీచ్ వెనక నాలుగైదు అంతస్తుల మేడే దాన్ని మూసేస్తుంది. కిలోమీటరున్నర వెనక్కి జరగండి. దగ్గరి మేడలు కుంగినట్టు చిన్నవవుతాయి, దూరాన ఉన్నది ఎత్తుగా లేస్తుంది. 1882లో మొదలుపెట్టిన ఆ చర్చి నడిమి గోపురానికి అనుకున్న ఎత్తు 172.5 మీటర్లు. ఊళ్లోని మొంజుయిక్ కొండను మనిషి కట్టింది మించకూడదన్నది దాన్ని రూపొందించిన గౌడీ ఆలోచన. రెండూ ఒకే చూపులో పడి, ఎత్తు పోల్చుకోవడం కుదిరేది ఇక్కణ్ణుంచే.

ఎడమ నుంచి కుడికి గుర్తులు పట్టండి. మొంజుయిక్ మీద కోట. తెరచాప ఆకారంలో అద్దాల హోటల్, 2009లో తెరిచారు. ఊళ్లోవాళ్లు దాన్ని వేలా అంటారు, తెరచాప అని అర్థం. తర్వాత జంట గోపురాలు, ఒక్కోటి 154 మీటర్లు, పోర్ట్ ఒలింపిక్ వాటి కాళ్ల దగ్గరే. తుపాకీ గుండులాంటిది 144 మీటర్ల గ్లోరియెస్ టవర్. కుడి చివర పొగగొట్టాలు మూడూ పాత విద్యుత్ కేంద్రానివి. దారి తెలియనప్పుడు రేవు ఎటో చెప్పేవి ఆ జంట గోపురాలే.

(తెర మీద: పడవ వెనక భాగం, నీళ్లలోకి దింపిన నిచ్చెన.)

ఇక ఈత. బీచ్ దగ్గర నీటి మీద తేలే పసుపు బోయాల గీత లోపల 200 మీటర్లు ఈతగాళ్లది, పడవలు రాకూడదు. కాబట్టి మీరు దూకేది దాని అవతల, కాలు ఆనని లోతులో. నేల అందుతుందేమోనని వెతక్కండి, అందదు.

స్కిప్పర్ తెరచాపలు దించి, ఇంజన్ ఆపి, నిచ్చెన వేసి, "సరే" అన్నాకే దిగాలి. ఇంజన్ ఊరికే తిరుగుతున్నా ప్రొపెల్లర్ పక్కన ఎవరూ ఉండకూడదు. లంగరు వేయకపోతే పడవ గాలికి జారుతూ ఉంటుంది. పైనుంచి చూస్తే కదులుతున్నట్టే అనిపించదు. అర నాట్ వేగమన్నా నిమిషానికి 15 మీటర్లు. సరదాగా ఈదేవాళ్లు నిమిషానికి పోయేది 30 మీటర్లు. అంటే 50 మీటర్లు వెనకబడితే మూడు నిమిషాలకు పైగా ఆగకుండా ఈదితే గానీ అందదు. అందుకే పడవ నుంచి బోయా కట్టిన తాడు వదులుతారు, దాని దగ్గరే ఉండండి. గాలి తగిలే పక్కనే ఈదాలి. చాటు పక్క ఉంటే జారుతున్న పడవ మీ మీదికే వస్తుంది. లంగరు వేసి ఉంటే లెక్క మారుతుంది: ముందు పడవ ముక్కు వైపు ఈదండి, అలిసిపోయాక గాలీ నీరూ మిమ్మల్ని నిచ్చెన దగ్గరికి తెస్తాయి.

ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్‌తో దిగొచ్చు, కానీ ఏ జాకెట్టో చూడాలి. పడవల్లో ఇచ్చే సన్నటి జాకెట్లు చాలావరకు గ్యాస్ సిలిండర్‌వి, నీళ్లు తగలగానే టపీమని ఉబ్బుతాయి. అవి ప్రమాదానికి, ఈతకు కావు. ఫోమ్ జాకెట్ అడగండి. పిల్లలకు కాళ్ల మధ్య పట్టీ లేకపోతే జాకెట్ పైకి జారి తల మీదికి వస్తుంది. జీన్స్‌తో, సల్వార్‌తో దూకితే తేలడం కన్నా మళ్లీ నిచ్చెన ఎక్కడమే కష్టం, తడిసిన బట్ట అంత బరువు.

ఆగస్టులో నీళ్లు 25 డిగ్రీల దగ్గర. మే నెలలో 18 ఉంటే ఎక్కువ, బయట ఎండ కాస్తున్నా సరే. అప్పుడు దూకకుండా నిచ్చెన మీదుగా దిగి, దాన్ని పట్టుకునే ఒకటి రెండు నిమిషాలు ఉండండి. చల్లటి నీళ్లు తగలగానే ఊపిరి తనంతట తానే ఎగపీలుస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉండకూడదు. మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే ఫోన్ల రంగం ప్రదర్శనకని ఫిబ్రవరి చివర, మార్చిలో హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సెయిలింగ్‌కు వెళ్లండి, ఈత మర్చిపోండి. నీళ్లు 13 డిగ్రీలు.

జెల్లీచేప కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. మంచినీళ్లకు చర్మం మీద మిగిలిన విషపు కణాలు కూడా పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తీగలను పట్టకారుతో తీసి, గుడ్డ చుట్టిన ఐస్ పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే స్కిప్పర్‌కు చెప్పాలి. అక్కడ అత్యవసర నంబర్ 112. పడవ రేడియోలో అయితే 16వ ఛానెల్.

కడుపులో తిప్పడం చాలామందికి పడవ పోతున్నప్పుడు మొదలవదు, ఈతకు ఆగినప్పుడే. ఆగిన పడవ అలకు అడ్డం తిరిగి పక్కలకు ఊగుతుంది. తేడాగా అనిపించగానే కేబిన్‌లోకి దిగకండి, ఫోన్ చూడకండి. నీళ్లలోకి దిగండి, లేదా దిగంతం వైపు చూస్తూ వెనక భాగంలో కూర్చోండి. మాత్ర వేసుకునేట్టయితే బయల్దేరడానికి గంట ముందే. ఖాళీ కడుపు మేలనుకుంటారు గానీ, రెండు ఇడ్లీలంత తేలిక తిండి తిని ఎక్కితేనే నయం. వాంతి తప్పనిసరైతే గాలి పోయే వైపు వంగండి. గాలి వచ్చే వైపు వంగితే మీ పక్కనున్నవాళ్లు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

సంచిలో తువ్వాలు, పొడి బట్టలు, తాడున్న టోపీ, పల్చటి జాకెట్టు చాలు. సన్‌స్క్రీన్ ఒడ్డునే రాసుకోండి, డెక్ మీద చిందితే జారుతుంది. చెప్పులు విప్పమంటారు.

గర్బీ ఎంత వీచినా రద్దయ్యేది తక్కువ. తూర్పు గాలి రెండు రోజులు వీస్తే మాత్రం పెద్ద అలలు నేరుగా తీరానికి కొడతాయి, ఎండ కాస్తున్నా ఆ రోజు పడవ కదలదు. టికెట్ కొనేముందే అలాంటప్పుడు డబ్బు వెనక్కిస్తారా, వేరే రోజు ఇస్తారా అడగండి.

(తెర మీద: పడవ జెట్టీకి దగ్గరవుతోంది.)

రేవులోకి వచ్చాక సాయం చేద్దామని కాలో చెయ్యో అడ్డం పెట్టకండి. 12 మీటర్ల పడవ ఎనిమిది టన్నుల దాకా తూగుతుంది, మెల్లగా వచ్చినా కాంక్రీటుకూ దానికీ మధ్య పడితే ఎముక మిగలదు. తాళ్లు రెండూ కట్టాక, స్కిప్పర్ చెయ్యి అందిస్తే దిగండి. కాళ్ల కింద జెట్టీ ఊగుతున్నట్టు కాసేపు ఉంటుంది, అది చెవి లోపలి లెక్క ఇంకా సముద్రంలోనే ఉండిపోవడం వల్ల. జెట్టీ మీద మంచినీటి గొట్టం ఉంటే అడిగి ఉప్పు కడుక్కోండి, మెట్రోలో గంటసేపు చర్మం గీరుకోకుండా.