నాలా కన్వర్షన్ అయితే జోన్ మారినట్టేనా?

[తెరపై: కడిగి పరచిన ఖాళీ అరిటాకు]

నమస్కారం. హైదరాబాద్ చుట్టుపక్కల స్థలం చూడటానికి వెళ్లిన ప్రతిసారీ, అమ్మే వ్యక్తి ఎవరైనా సరే, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "నాలా కన్వర్షన్ అయిపోయిందండీ, ఇంక మీరు ఇల్లు కట్టుకోవడమే తరువాయి." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇందులోని మొదటి సగం చాలాసార్లు నిజమే కావచ్చు. కానీ ఆ మొదటి సగం నుంచి రెండో సగం ఏ రకంగానూ రాదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకోవచ్చని రెవెన్యూ అధికారులు ఇచ్చే కన్వర్షన్ ఉత్తర్వు వేరు, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ, తన మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమికి వేసిన రంగు, అంటే జోన్, వేరు. ఒకటి మారితే రెండోది దానంతట అదే మారదు.

మా బాబాయి ఒకాయన 2017లో నగర శివారులోని ఒక వెంచర్‌లో 200 గజాలు కొన్నారు. కన్వర్షన్ కాగితం ఉంది, రిజిస్ట్రేషన్ అయింది, హద్దురాళ్లు కూడా పాతారు. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడిగిన రోజున మాత్రం, ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో రిక్రియేషన్ జోన్‌లో, అంటే పార్కులు, ఆటస్థలాల వంటి వాటికి ఉంచిన చోట, ఉందని చెప్పి దరఖాస్తును వెనక్కి పంపారు. ఆయన నన్ను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "ప్రభుత్వమే ఒక చేత్తో కన్వర్షన్ ఇచ్చి, ఇంకో చేత్తో వద్దనడం ఏమిట్రా?" ఈ వీడియో అంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

[తెరపై: ఆకు మీద ఉప్పు, పచ్చడి, కూర, అన్నం ఒక్కొక్కటిగా]

పెళ్లి భోజనంలో అరిటాకు ముందు కూర్చున్నట్టు ఊహించుకోండి. ఆకు మీద నీళ్లు చిలకరించి కడుక్కుంటాం. ఉప్పు ఒక మూలకు, పచ్చడి, కూర పైభాగానికి, అన్నం నడుమకు వస్తాయి. ఇవి ఎక్కడ వడ్డించాలో ఆకు పరిచేనాటికే తేలిపోయి ఉంటుంది. మాస్టర్ ప్లాన్ అంటే ఈ వడ్డన క్రమమే. ఇళ్లు ఇక్కడ, కర్మాగారాలు అక్కడ, అంగళ్లు ఈ రోడ్డు వెంట, చెరువు ఇది, పార్కు అది అని ముందుగా నిర్ణయించి, పటం మీద రంగులు వేస్తారు. కన్వర్షన్ అంటే ఆకు కడుక్కోవడం మాత్రమే. ఆకు కడిగాను కాబట్టి ఉప్పు వేసే చోట పాయసం పోయండి అని ఏ పెళ్లిలోనూ ఎవరూ అడగరు. భూమి విషయంలో మాత్రం రోజూ అడుగుతున్నారు.

అసలు "నాలా" అనే పేరే సగం గందరగోళానికి కారణం. 1963లో వచ్చిన వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలే ఈ నాలా. ఆ చట్టాన్ని రద్దు చేసి 2006లో వ్యవసాయ భూముల మార్పిడి చట్టాన్ని తెచ్చారు. చట్టం పోయినా పేరు మిగిలింది. పైగా వరదనీటి కాలువను కూడా మనం నాలా అనే అంటాం కాబట్టి, "నాలా క్లియరెన్స్ ఉంది" అని ఒకరు చెబితే అది పన్ను నాలానో, మురుగు నాలానో రెండుసార్లు అడిగి తెలుసుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. ఇక ఆ కన్వర్షన్ ఉత్తర్వు కింది భాగంలో ఉండే షరతులను చాలామంది చదవరు. వ్యవసాయేతర అవసరానికి మార్చడం అనే పరిమిత ప్రయోజనం కోసమే రుసుము తీసుకున్నామనీ, దీనివల్ల దరఖాస్తుదారుకు ఆ భూమి మీద కొత్తగా యాజమాన్య హక్కు ఏదీ రాదనీ అక్కడే రాసి ఉంటుంది. మా బాబాయి ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి మరీ దాచుకున్నారు గానీ, ఆ రెండు వాక్యాలు చదవలేదు.

ఇప్పుడు ఆ రంగులు వేసేది ఎవరో చూద్దాం. పాత హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా), విమానాశ్రయ ప్రాంత అభివృద్ధి సంస్థ, సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, బుద్ధ పూర్ణిమ ప్రాజెక్టు సంస్థలను కలిపి 2008లో హెచ్‌ఎండీఏను ఏర్పాటు చేశారు. దీనికి అధ్యక్షులు ముఖ్యమంత్రి; రోజువారీ వ్యవహారాలను మెట్రోపాలిటన్ కమిషనర్, ఆయన కింది ప్రణాళికా విభాగం నడుపుతాయి. హెచ్‌ఎండీఏ పరిధిలో ఒకే పటం లేదు. పాత సంస్థలు గీసిన పటాలు ఉన్నాయి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు ఇరువైపులా కిలోమీటరు మేర ఉన్న గ్రోత్ కారిడార్‌కు ఒక పటం ఉంది, బయటి ప్రాంతానికి 2013లో ఆమోదించిన 2031 ప్రణాళిక ఉంది. నివాస జోన్, వాణిజ్య జోన్, తయారీ జోన్, మల్టిపుల్ యూజ్ జోన్, పెరి అర్బన్ జోన్, కన్జర్వేషన్ జోన్, రిక్రియేషన్ జోన్ వంటి మాటలు వీటి నుంచే వచ్చాయి. కాబట్టి పక్క పక్క ఊళ్లలోనే నియమాలు వేరుగా ఉండవచ్చు. "మా బావమరిదికి వచ్చింది, నాకెందుకు రాదు" అనే వాదన హెచ్‌ఎండీఏ దగ్గర నిలవకపోవడానికి ఇదొక కారణం.

[తెరపై: అన్నం గట్టు మధ్యలో రసం]

జోన్లలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేవి నీటి చుట్టూ ఉన్నవి. మళ్లీ ఆకు దగ్గరికే వద్దాం. అన్నం మధ్యలో గుంట చేసి, చుట్టూ గట్టు కట్టి, అందులో రసం పోయించుకుంటాం. చెరువు నిండా నీళ్లున్నప్పుడు అవి నిలిచే గరిష్ఠ హద్దునే ఎఫ్‌టీఎల్ అంటారు. అది ఆ రసం అంచు. ఆ హద్దు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, అంటే బఫర్, ఆ గట్టు. రసం కాస్త ఇంకి అడుగున కొద్దిగానే కనిపిస్తున్నప్పుడు, గట్టును కూడా తినేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తర్వాత వడ్డించేవాడు వచ్చి మరో గరిటె పోస్తే అది ఎక్కడికి పోతుందో చిన్నప్పుడు చొక్కా పాడుచేసుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వేసవిలో ఎండిన చెరువును చూపించి స్థలం అమ్మేవారు గట్టును తినేవారే.

ఈ గట్టు ఎంత వెడల్పు ఉండాలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 చెబుతుంది. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన వాగు లేదా కాలువ అయితే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. ఈ అంకెలు మీ సేల్ డీడ్‌లో ఉండవు. కానీ నిర్మాణ అనుమతి పరిశీలించే అధికారి మొదట చూసేవాటిలో ఇవి ఉంటాయి.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. మళ్లీ అటువంటి విపత్తు రాకుండా ఎగువన ఉస్మాన్‌సాగర్‌ను 1920లో, హిమాయత్‌సాగర్‌ను 1927లో పూర్తి చేశారు. నగరాన్ని పద్ధతిగా పునర్నిర్మించడానికి 1912లోనే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నెలకొల్పారు. ఆ రెండు జలాశయాలకు వచ్చే నీటిదారులను కాపాడటానికే 1996 మార్చి 8న జీవో 111 వచ్చి, 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలనీలు, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను షరతులతో సడలించింది. అది వచ్చిన మరునాటి నుంచి ఆ ఊళ్లన్నీ నివాస జోన్లు అయిపోయినట్టు ప్రచారం మొదలైంది. ఆంక్ష సడలడమూ, పటం మీద రంగు మారడమూ రెండు వేర్వేరు సంగతులు.

మరి ఆ రంగు మార్చుకోవాలంటే ఏం చేయాలి? దీన్ని భూ వినియోగ మార్పిడి అంటారు, వాడుకలో సీఎల్‌యూ. అంటే పచ్చడి చోట పాయసం వడ్డించమని కోరడం. ముందుగా హెచ్‌ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకుని, మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో కాగితం మీద చూసుకోవాలి. తర్వాత యాజమాన్య పత్రాలు, సర్వే పటం, రోడ్డు వివరాలతో దరఖాస్తు చేయాలి. అధికారులు స్థలం దగ్గరికి వచ్చి, అక్కడికి చేరే రోడ్డు వెడల్పు ఎంత, మాస్టర్ ప్లాన్‌లో ప్రతిపాదించిన రోడ్డేదైనా అందులోంచి పోతోందా, పక్కన చెరువు, అటవీ భూమి, హైటెన్షన్ తీగలు ఉన్నాయా, చుట్టుపక్కల ఏ జోన్ ఉంది అని చూస్తారు. ఆకు మీద గోడలు ఉండవు. పచ్చడి చోట పాయసం పోస్తే అది పక్కనున్న కూరలోకి పారుతుంది. ఇళ్ల నడుమ ఒక తయారీ యూనిట్‌కు అనుమతి ఇస్తే దాని లారీలు, పొగ, చప్పుడు ఆ సర్వే నంబరు హద్దురాయి దగ్గర ఆగిపోవు. అందుకే ఆ పరిశీలన మీ ఒక్క ఎకరానికి పరిమితం కాదు.

ఇక్కడ ఇంకొక అపోహ ఉంది. హెచ్‌ఎండీఏ సీఎల్‌యూ మంజూరు చేస్తుందని చాలామంది అనుకుంటారు. హెచ్‌ఎండీఏ పరిశీలించి సిఫారసు మాత్రమే చేస్తుంది. ఉత్తర్వు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వ పురపాలక శాఖ. మధ్యలో ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరతారు. ఈ ప్రకటన పత్రికల లోపలి పేజీలలో, వధూవరుల ప్రకటనల కంటే చిన్న అక్షరాలతో వస్తుంది. తన ఇంటి పక్కన ఏం రాబోతోందో తెలుసుకోవడానికి భూతద్దం పెట్టుకుని పత్రిక చదవాల్సి రావడం నాకు న్యాయంగా తోచదు. అమెరికాలోని న్యూజెర్సీలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారికి వేరే పద్ధతి అలవాటు. అక్కడ స్థానిక ప్లానింగ్ లేదా జోనింగ్ బోర్డు ముందు విచారణ జరగాల్సిన దరఖాస్తు ఉంటే, ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న యజమానులకు కనీసం 10 రోజుల ముందు దరఖాస్తుదారే నోటీసు అందజేయాలి. పొరుగువాడు తీరిగ్గా వచ్చి, మైకు ముందు నిలబడి, తన అభ్యంతరం చెప్పవచ్చు. మన దగ్గర కూడా ఇదొక్కటి వస్తే సగం కోర్టు వ్యాజ్యాలు పుట్టవని నా అభిప్రాయం.

కోర్టు అనగానే 1991లో సుప్రీంకోర్టు తేల్చిన బెంగళూరు కేసు చెప్పాలి. ఒక లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్ కోసం కేటాయించారు. ఆసుపత్రి కూడా ప్రజలకు ఉపయోగపడేదే కదా అని వాదించారు. పార్కుగా ఉంచిన స్థలం స్థానికుల కోసం ఉన్నదనీ, దాన్ని ఇష్టానుసారం ప్రైవేటు వారికి ధారాదత్తం చేయడం కుదరదనీ కోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. పాయసం ఎంత మంచిదైనా, ఉప్పు వేసే చోటు ఉప్పుకే ఉండాలి.

[తెరపై: గడియారం]

సమయం దాదాపు అయిపోయింది కాబట్టి మిగిలిన మెట్లు వేగంగా చెబుతాను. జోన్ సరిపోయిందనుకుందాం, ఎకరాలను ప్లాట్లుగా విడగొట్టాలంటే లేఅవుట్ అనుమతి కావాలి. మొత్తం స్థలంలో పదోవంతు పార్కుల వంటి ఖాళీ స్థలంగా వదిలి, రోడ్లతో పాటు దాన్ని స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. పెరుగన్నానికి చోటు వదలకుండా ఆకంతా కూరలతో నింపేస్తే ఎలా ఉంటుందో, ఈ పదోవంతు వదలని వెంచర్ అలా ఉంటుంది. మొదట డ్రాఫ్ట్ లేఅవుట్ ఇస్తారు. రోడ్లు, కాలువలు, నీరు, కరెంటు ఏర్పాటు చేస్తాననే హామీకి ప్లాట్లలో 15 శాతాన్ని తనఖా పెట్టించుకుంటారు. పనులు పూర్తయ్యాక ఫైనల్ లేఅవుట్ ఇచ్చి, తనఖా విడిచిపెడతారు. నా ఆకు ఉపమానం ఇక్కడ చిరిగిపోతుందని ఒప్పుకుంటున్నాను. తనఖా పెట్టే పెళ్లి భోజనం నేనెక్కడా చూడలేదు. మీరు కొనబోయే ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందో లేదో మాత్రం డబ్బు ఇచ్చే ముందే చూసుకోండి. సర్పంచ్ ముద్ర ఉన్న "పంచాయతీ లేఅవుట్" ఈ అనుమతికి బదులు కాదు.

ఆ తర్వాతది నిర్మాణ అనుమతి. నిర్మాణ అనుమతులను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి తెచ్చిన 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయితో నమోదు సరిపోతుంది, 600 గజాల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది, అంతకు మించినవాటికి 21 రోజుల గడువు ఉంటుంది. ఆన్‌లైన్‌లో వెంటనే వచ్చిన అనుమతిని జోన్ మార్పుగా భావించకండి. జోన్‌కు విరుద్ధమని తర్వాత తేలితే దాన్ని రద్దు చేసే అధికారం వారికి ఉంది. ఇక 2020లో ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ప్రకటించినప్పుడు పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులో మా బాబాయిది ఒకటి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించడానికి వచ్చిన ఆ పథకం కూడా రిక్రియేషన్ జోన్ జోలికి పోలేదు.

సీఎల్‌యూ కోసం ఆయన ఒక్కరే 200 గజాలకు దరఖాస్తు పెట్టి ప్రయోజనం లేదనీ, వెంచర్ వారందరూ కలిసి రావాలనీ చెప్పాను. వారిలో సగం మంది చిరునామాలు కూడా దొరకలేదు. పోయిన వానాకాలంలో ఆయన అక్కడ నాలుగు మామిడి మొక్కలు నాటారు. రిక్రియేషన్ జోన్‌లో తోటకు ఎవరూ అభ్యంతరం చెప్పరు.