లైపోజోమ్ జెల్‌ను చంపుతున్నది మన మందుల షాపే

నమస్కారం. పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒకటే రభస. మోకాళ్ల నొప్పికీ తామరకూ మూడింతల ధరకు అమ్ముతున్న లైపోజోమ్ జెల్ (మందును కంటికి కనబడని కొవ్వు బుడగల్లో నింపిన పూత) దివ్యౌషధమని కొందరు, పచ్చి మోసమని కొందరు కొట్లాడుకుంటున్నారు. నేను రెండు పక్షాలనూ ఒప్పుకోను. ఫ్యాక్టరీలో సక్రమంగా తయారైన జెల్ కూడా మన రేకుల షాపుల్లో ఒక వేసవి గడిపేసరికి మామూలు క్రీముగా మారిపోతుందన్నదే నా వాదన. ఎవరికి కోపం వచ్చినా నేను ఈ మాట మీదే నిలబడతాను.

మన చర్మం మీది మృతకణాల పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) అయినా, అది అంత సులభంగా దారి ఇచ్చేది కాదు. ఇటుకల మధ్య సున్నంలాగా ఆ కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు దట్టంగా పట్టి ఉంటాయి. 500 డాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) మించిన అణువులు మామూలుగా వాటిని దాటలేవు. అందుకే మందును కొవ్వు బుడగల్లో పెట్టి పంపాలన్న ఆలోచన పుట్టింది. 1980లో మెజాయ్ అనే పరిశోధకుడి బృందం కుందేళ్ల చర్మానికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందును లైపోజోముల్లో పెట్టి పూసినప్పుడు, చర్మంలో నిలిచిన మందు మామూలు పూతతో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువగా కనిపించింది. బుడగ చెక్కుచెదరకుండా లోపలిదాకా ఈదుకుంటూ పోతుందని ప్రచారం చేసేవారి మాటలు నమ్మకండి. మామూలు లైపోజోములు చాలావరకు పైపొరలోని కొవ్వుతో కలిసిపోయి అక్కడే మందును వదులుతాయి.

ఇంతకంటే విచిత్రమైన సంగతి ఒకటుంది. జర్మనీలో రూపొందిన, ట్రాన్స్‌ఫర్సోములనే సాగే గుణమున్న బుడగల్లో కీటోప్రోఫెన్ అనే నొప్పి మందును నింపి మోకాళ్ల అరుగుదల మీద పరీక్షించినప్పుడు, మందే లేని ఖాళీ బుడగల జెల్ కూడా దాదాపు అంతే ఉపశమనం ఇచ్చింది. చివరికి ఆ ఖాళీ జెల్‌నే బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టారు! అంటే మనం అదనంగా డబ్బు పోసి కొంటున్నది ఆ బుడగనే. ఆ బుడగే చెడిపోతే ట్యూబులో మనకు మిగిలేదేమిటి?

ఆ బుడగ చెడిపోతుంది, అదీ వేడికే. దానికి గోడగా ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వును చాలాసార్లు సోయా నుంచి తీస్తారు. గాలి తగిలితే అది ఆక్సీకరణ చెందుతుంది, నీటితో చర్య జరిపి ముక్కలవుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ రెండు పనులూ వేగంగా సాగి, బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి లోపలి మందు బయటికి కారిపోతుంది. గుణుపూర్ వైపు ఒక షాపులో ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో భద్రంగా పెట్టి, ఈ జెల్ ట్యూబులను మాత్రం పడమటి ఎండ నేరుగా పడే అద్దాల బీరువాలో టాల్కం పౌడరు పక్కన పేర్చారు. ఒక ట్యూబును తిప్పి చూస్తే 25 డిగ్రీలకు మించని చోట ఉంచాలన్న వాక్యం మడత అంచున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, దాని మీదే బ్యాచ్ నంబరు ముద్ర కొట్టారు. మే నెలలో మన వైపు నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంటే, పైన రేకు, కింద అద్దం ఉన్న ఆ బీరువాలో ఎంత ఉంటుందో లెక్క వేసుకోండి.

కంపెనీలు 40 డిగ్రీల వద్ద 6 నెలలు పరీక్షించే అమ్ముతాయని కొందరు నా మీదికి వస్తారని తెలుసు. సరే, పరీక్షిస్తారనే అనుకుందాం. అయినా ట్యూబు మీద అచ్చయ్యేది మందు శాతం మాత్రమే. బుడగల పరిమాణమెంత, మందులో ఎంత భాగం ఇంకా వాటి లోపలే ఉంది అన్నది కొనేవాడికి ఎవరూ చెప్పరు. మందు శాతం నిక్కచ్చిగా ఉంటూనే బుడగలన్నీ పగిలిపోయి ఉండవచ్చు, ఆ ట్యూబు గడువు తేదీ వరకు దర్జాగా అమ్ముడుపోవచ్చు. బరంపురం హోల్‌సేల్ దుకాణంలో సరుకు ఎక్కించుకుని, ఘాట్ రోడ్డు మీద మధ్యాహ్నమంతా మూసిన వ్యానులో ఉడికిన అట్టపెట్టె గురించి అడిగే నాథుడే లేడు.

కాబట్టి ఈసారి కొనేటప్పుడు ఆ ట్యూబును ఎక్కడి నుంచి తీసి ఇస్తున్నారో చూడండి. ఎండ పడే బీరువాలోంచి తీస్తే, మామూలు జెల్ ధరకే ఇమ్మని షాపతన్ని మొహమాటం లేకుండా అడగండి.