చైనా మూలికలకు మనం చెల్లించే వెల

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

హాంకాంగ్‌లోని షెంగ్ వాన్ ప్రాంతంలో కో షింగ్ వీధి, దాని చుట్టుపక్కల వీధులు మూలికల అంగళ్ళకు తరతరాలుగా పేరు పొందాయి. అక్కడి దుకాణాల్లో గాజు సీసాల్లో, గోతాల్లో పోసి ఉంచిన ఒకే మూలికకు మూడు నాలుగు ధరలు కనిపిస్తాయి. ఇంట్లో మనిషి జబ్బుపడి ఉన్నప్పుడు, చవక సరుకు కొంటే ఆ మనిషికి అన్యాయం చేసినట్టవుతుందేమోనన్న భయంతో, చేతిలో డబ్బు చాలకపోయినా ఖరీదైన సీసా వైపే మన చెయ్యి వెళుతుంది. ఆ భయం అవసరం లేదని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. చైనా మూలికల ధరలో పెద్ద భాగం గడ్డ పరిమాణానికి, అది పుట్టిన చోటుకు, దాని కొరతకు, ఆ ఏటి గిరాకీకి పోతుంది. మందు గుణానికి దక్కే వాటా మనం అనుకునేదానికంటే చాలా తక్కువ.

ముందు తూకం సంగతి చూద్దాం. చైనా ప్రధాన భూభాగంలో ఒక జిన్ అంటే 500 గ్రాములు, అందులో పది లియాంగులు. హాంకాంగ్‌లో వాడే పాత కొలతలో దానికి సాటి అయిన తూకం సుమారు 605 గ్రాములు, దాన్ని పదహారు భాగాలు చేస్తారు. అంటే లియాంగు ప్రధాన భూభాగంలో 50 గ్రాములు, హాంకాంగ్‌లో 37.8 గ్రాములు. ఈ తేడా గమనించకుండా రెండు చోట్ల ధరలను పోల్చినవారి లెక్క దాదాపు నాలుగో వంతు తప్పుతుంది. అందువల్ల ఏ ధరనైనా గ్రాముల్లోకి మార్చుకుని, ఆపైన రోజు ఖర్చు లెక్క కట్టుకోవాలి. చైనా వైద్యుడు రాసే చీటీలో తరచుగా పది పన్నెండు దినుసులుంటాయి, వాటన్నిటినీ కలిపి కట్టిన ఒక పొట్లం ఒక రోజు కషాయానికి సరిపోతుంది. డాంగ్‌గుయ్ అనే వేరుకు చైనా ఫార్మకోపియా, అంటే ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథం, చెప్పే మోతాదు 6 నుంచి 12 గ్రాములు. కిలో వంద యువాన్లకు కొన్న మూలికను రోజుకు పది గ్రాములు వాడితే అయ్యే ఖర్చు ఒక్క యువాన్ మాత్రమే. మరోవైపు, పశ్చిమ సిచువాన్ ఎత్తైన కొండల్లో దొరికే చువాన్‌బెయ్‌మూ అనే చిన్న దుంప కిలో వేల యువాన్లు పలుకుతుంది. కానీ దాన్ని పొడి చేసి ఒక్కో మారు ఒకటి రెండు గ్రాములే తీసుకుంటారు. కిలో ధర చూసి బెదిరిపోవడమూ, కిలో ధర చూసి మురిసిపోవడమూ రెండూ తొందరపాటే.

ధర ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే యునాన్ రాష్ట్రంలోని వెన్‌షాన్ ప్రాంతపు సాన్‌ఛీని చూడాలి. ఇది జిన్‌సెంగ్ జాతికి చెందిన గడ్డ, రక్తస్రావానికీ గాయాలకూ చైనా వైద్యంలో వాడతారు. దీన్ని 'తలల' లెక్కన అమ్ముతారు. 500 గ్రాములకు ఇరవై గడ్డలు తూగితే 'ఇరవై తలల' సరుకు, నూట ఇరవై తూగితే 'నూట ఇరవై తలల' సరుకు. మొదటి రకంలో ఒక్కో గడ్డ 25 గ్రాములుంటుంది, రెండో రకంలో నాలుగు గ్రాములకు కాస్త ఎక్కువ. గడ్డ పెద్దదయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. అయితే ఫార్మకోపియా ఈ గడ్డలో ఉండాల్సిన సాపోనిన్లు అనే మూడు ముఖ్యమైన రసాయనాలు కలిపి కనీసం 5 శాతం ఉండాలని చెబుతుందే తప్ప, పెద్ద గడ్డకో ప్రమాణం, చిన్న గడ్డకో ప్రమాణం పెట్టలేదు. పైగా ఇంటికి తెచ్చుకున్నాక దాన్ని పొడి కొట్టించుకుంటాం. బంధువులకు కానుకగా ఇచ్చేవారు పెద్ద గడ్డలు కొంటే కొనవచ్చు. మందుగా వాడేవారు మాత్రం పరీక్షల్లో నిలిచిన చిన్న గడ్డలు కొన్నా నష్టపోరు.

సాన్‌ఛీ పండించే రైతు కష్టం కూడా ఆ ధరలో ఉందని ఒప్పుకోవాలి. నీడ పందిళ్ళ కింద సుమారు మూడేళ్ళు పెంచాలి, ఒకసారి తవ్విన నేలలో మళ్ళీ ఏళ్ళ తరబడి ఆ పంట వేయలేరు. 2009, 2010 ప్రాంతంలో యునాన్‌లో వచ్చిన తీవ్రమైన కరువు తరవాత ధర ఎగబాకి, 2013 నాటికి కిలో వందల యువాన్లకు చేరింది. అది చూసి అందరూ సాన్‌ఛీయే వేశారు, ఆ పంటంతా చేతికొచ్చేసరికి ధర కుప్పకూలింది. నిజామాబాద్ పసుపు రైతుకూ గుంటూరు మిర్చి రైతుకూ ఈ కథ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ ఏళ్ళలో గడ్డలోని గుణం పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు.

భయం పుట్టినప్పుడు ధరలు ఇంకా వేగంగా కదులుతాయి. 2003లో సార్స్ వ్యాపించినప్పుడు బాన్‌లాన్‌గెన్ వేరు కోసం జనం ఎగబడ్డారు, దాని ధర అనేక రెట్లు పెరిగింది. 2023లో డాంగ్‌గుయ్ వంటి మామూలు దినుసులు కూడా బాగా ప్రియమయ్యాయి. సాగు విస్తీర్ణం తగ్గడం, వాతావరణం, కోవిడ్ తరవాతి గిరాకీ, వ్యాపారుల నిల్వలు అన్నీ అందుకు తోడయ్యాయి. అన్‌హుయ్ రాష్ట్రంలోని బోజౌ వంటి పెద్ద మూలికల మార్కెట్లలో ఇలాంటి నిల్వల ప్రభావం ఆసుపత్రిలో రోగి కట్టే బిల్లు దాకా వస్తుంది. చైనా ప్రభుత్వాసుపత్రులు మందుల మీద వేసుకునే అదనపు లాభాన్ని 2017లో తీసేసినా, కోసి సిద్ధం చేసిన మూలికల మీద మాత్రం 25 శాతం దాకా వేసుకునే వీలు మిగిల్చారు.

అన్నిటికంటే ఖరీదైనవాటిలో ఒకటైన గొంగళిపురుగు బూజు, అంటే గొంగళిపురుగు ఒంటి మీద పెరిగే శిలీంధ్రం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. టిబెట్, చింగ్‌హాయ్, నేపాల్ కొండల్లోనూ, మన ఉత్తరాఖండ్‌లో కీడా జడీ అన్న పేరుతోనూ దొరికే ఈ సరుకు మేలు రకం ఒకప్పుడు తూకానికి బంగారం ధరతో పోటీ పడింది. దీని నమూనాల్లో కిలోకు 4.4 నుంచి 9.9 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందనీ, ఆరోగ్య ఆహారాలకు పెట్టిన పరిమితి 1 మిల్లీగ్రామేననీ, ఎక్కువ కాలం తింటే ప్రమాదమనీ 2016లో చైనా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే ప్రజలను హెచ్చరించింది. 2020లో ఈ జీవిని అంతర్జాతీయంగా ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. అప్పు చేసి దీన్ని కొనే కుటుంబాలకు, దయచేసి ఆ పని చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇంత చెప్పానని, కంటికి నచ్చిన చవక సరుకు కొనేయమని కాదు. తెల్లగా మెరిసే వేర్లు చాలాసార్లు గంధకం పొగ పెట్టినవి. సల్ఫర్ డయాక్సైడ్ చాలా మూలికల్లో కిలోకు 150 మిల్లీగ్రాములకు మించకూడదని ఫార్మకోపియా నియమం, కొన్నిటికి మాత్రం 400 దాకా అనుమతి ఉంది. ఒకదానికి బదులు మరొకటి వస్తే ఏమవుతుందో 1990 దశకం ఆరంభంలో బ్రస్సెల్స్‌లో తెలిసింది. బరువు తగ్గించే క్లినిక్‌లో ఇచ్చిన మందులో ఫాంగ్‌జీ అనే మూలిక బదులు, అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషపదార్థం ఉన్న గ్వాంగ్‌ఫాంగ్‌జీ అనే మరో మూలిక చేరి, సుమారు వంద మంది స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొందరికి తరవాత క్యాన్సర్ వచ్చింది. చైనా 2004లో గ్వాంగ్‌ఫాంగ్‌జీ వాడకాన్ని నిషేధించింది.

కాబట్టి దుకాణంలో పెద్ద గడ్డ ఉందా అని అడగడం కంటే, మూలిక పేరును చైనా లిపిలో రాసిమ్మని, పండిన ప్రాంతం, గంధకానికీ లోహాలకూ చేసిన పరీక్షల పత్రం చూపించమని అడగండి. మూలిక పేరు రాసిన ఆ చీటీని మీ అలోపతి డాక్టరు దగ్గరికి కూడా తీసుకువెళ్ళండి. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నవారు ఈ పని తప్పక చేయాలి, ఎందుకంటే డాంగ్‌గుయ్ ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు.