గోదాంలో చలి: బ్రిటన్‌లో పనిచేసే మనవాళ్ల హక్కులు

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుకుంటూ వేర్‌హౌసుల్లో రాత్రి షిఫ్టులు చేసే మన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్ని డిగ్రీల కంటే తగ్గితే పని ఆపేయొచ్చు?"

అలాంటి అంకె చట్టంలో లేదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు వర్తించే 1992 నాటి వర్క్‌ప్లేస్ నిబంధనల్లో ఏడోది, లోపల పనిచేసే చోట ఉష్ణోగ్రత సమంజసంగా ఉండాలంటుంది, అంతే. దానికి తోడుగా వచ్చిన ఆచరణ నియమావళి మామూలు పనికి 16 డిగ్రీలు, బాగా ఒళ్లు అలిసే పనికి 13 డిగ్రీలు ఉండాలని సూచిస్తుంది. అందుకని 12 డిగ్రీలు చూసి ఇంటికి వెళ్లిపోతే ఇబ్బంది మీకే. అదే 12ను రాసి చూపించి అడిగారనుకోండి, జవాబు చెప్పుకోవాల్సింది యాజమాన్యం.

కాబట్టి ముందు కొలవండి. థర్మామీటర్లు పెట్టాల్సింది యాజమాన్యమే. మీరు నిలబడే చోట, చేతులు ఆడే ఎత్తులో, కిటికీకీ హీటర్‌కీ దూరంగా చూడాలి. లోడింగ్ షట్టర్ తెరిచి ఉన్నప్పుడు ఆఫీసు గోడ మీద 18 ఉండి, మీ బెంచీ దగ్గర 9 ఉండొచ్చు. షిఫ్టు మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే చోట చూసి తేదీ, టైము, డిగ్రీలు, షట్టర్ తెరిచి ఉందో లేదో రాసుకోండి. వారం రోజుల లెక్క చేతిలో ఉంటే "అందరికీ చలే కదా" అన్న మాట నిలబడదు.

ఫ్రీజర్ల సంగతి వేరు. సరుకు మైనస్ 18లో ఉండాల్సినచోట గదిని వెచ్చబెట్టమనలేం. అక్కడ అడగాల్సినవి చలి బట్టలు, వెచ్చని విశ్రాంతి గది, మనుషుల్ని మార్చి మార్చి లోపలికి పంపడం. రక్షణ కోసం తప్పనిసరిగా ఇవ్వాల్సిన జాకెట్‌కూ గ్లోవ్స్‌కూ మీ జీతంలో పైసా కోయకూడదు. పనిలో ఆరోగ్యం, భద్రతల 1974 చట్టం తొమ్మిదో సెక్షన్ అది. 2022 ఏప్రిల్ 6 నుంచి ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకూ రక్షణ సామగ్రి ఇవ్వాల్సిందే.

గ్లోవ్స్ ఒకసారి తిప్పి చూడండి. మంచు రేకు బొమ్మ, ఈఎన్ 511 (చలి గ్లోవ్స్‌కు యూరప్ ప్రమాణం), మూడు అంకెలు ఉంటాయి. మొదటిది చలిగాలికి, రెండోది చల్లని వస్తువు పట్టుకోవడానికి, మూడోది నీటికి. మూడోది 0 ఉంటే తడి పెట్టెలు మోసేవాళ్లకు అవి పనికిరావు. చెమటతో లోపల తడిసినా అంతే, చలి ఆగదు. మార్చుకోవడానికి రెండో జత అడగండి. వేళ్లు తెల్లబడి మొద్దుబారుతుంటే జీపీకి (మీరు నమోదైన స్థానిక డాక్టర్‌కు) చూపించండి, సూపర్‌వైజర్‌కూ రాసి చెప్పండి.

ఫిర్యాదు నోటిమాటగా వద్దు. సూపర్‌వైజర్‌కు, ఏజెన్సీకి ఒకే ఈమెయిల్ పంపండి: కొలతలు, ఒంటికి ఏమవుతోంది, ఏం కావాలి. యూనియన్ సేఫ్టీ ప్రతినిధి ఉంటే వారికీ చెప్పండి. పలకకపోతే ఫ్యాక్టరీల విషయం పని భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈకి. ఆఫీసులు, దుకాణాలు, ఎక్కువ భాగం వేర్‌హౌసుల విషయం స్థానిక కౌన్సిల్‌కు రాయాలి. ఈ రక్షణలు వీసా రకాన్ని చూసి మారవు, భయపడకండి.

జాకెట్ లేకుండా ఫ్రీజర్‌లోకి పొమ్మంటే? అది తీవ్రమైన, తక్షణ ప్రమాదమని నమ్మడానికి సరైన కారణం ఉండి మీరు బయటికి వస్తే, 1996 ఉపాధి హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం అందుకు మిమ్మల్ని శిక్షించకూడదు. 2021 మే 31 నుంచి ఇది చట్టప్రకారం 'ఎంప్లాయీ' హోదా లేని వర్కర్లకూ ఉంది. బయటికి రాగానే కారణం మెసేజ్ పెట్టండి. "జాకెట్ ఇస్తే వెంటనే వెళ్తాను, అప్పటిదాకా వేరే పని చెప్పండి" అని అందులోనే రాయండి.