ఏడు గుండీలు

అందరికీ నమస్కారం. మన కిండర్‌గార్టెన్ పిల్లల సెలవులకు ఇంకా రెండు వారాలే ఉంది. ఈమధ్య గేటు దగ్గర నన్ను ఆపి మీరందరూ అడిగేది ఒకటే, "టీచర్, మావాడికి వంద దాకా అంకెలు వచ్చాయా?" అని. చాలామందికి వచ్చాయండీ. కానీ వంద దాకా అప్పజెప్పడం పాట పాడినట్టే, లెక్క తెలిసిందనడానికి అది చాలదు.

బడి తెరిచిన కొత్తలో ఒక పాప ముందు ఏడు గుండీలు వరుసగా పెట్టాను. ఒక్కోదాని మీద వేలు పెట్టి ఏడు దాకా చక్కగా లెక్కపెట్టింది. "ఎన్ని ఉన్నాయమ్మా?" అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి. "ఎన్ని" అంటే తనకు "లెక్కపెట్టు" అని అర్థం. చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని అప్పటికింకా తట్టలేదు. మొన్న అదే పాపకు అవే గుండీలు ఇచ్చాను. లెక్కపెట్టాక ఎన్నని అడిగితే "ఏడు" అని, ఇదేం ప్రశ్న అన్నట్టు నా మొహంలోకి చూసింది. ప్రోగ్రెస్ కార్డులో దీనికి గడి లేదు. నా దృష్టిలో మాత్రం ఈ ఏడాది తను నేర్చుకున్నవాటిలో పెద్దది ఇదే.

ఆ గుండీలనే కాస్త దూరం దూరంగా జరిపి "ఇప్పుడో?" అన్నాను. "ఎక్కువయ్యాయి" అంది! టెన్షన్ పడకండి. వరుస పొడుగైతే సంఖ్య కూడా పెరిగిందని ఈ వయసు పిల్లలు అనుకుంటారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ఏనాడో గమనించాడు. సాధారణంగా ఆరేడేళ్లకు అది సర్దుకుంటుంది. ఈలోగా "కాదు, ఏడే" అని ఎన్నిసార్లు చెప్పినా పెద్దగా లాభం ఉండదు. 3 అంకెను తిరగేసి రాయడం కూడా ఈ వయసులో మామూలే.

ఇక ఇంటి సంగతి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. మొదట్లో ప్రతి శుక్రవారం అట్టముక్కలతో ఏదో ఒక ప్రాజెక్టు ఇంటికి పంపేదాన్ని. ఒక బాబు ఇల్లు చేసి తెచ్చాడు. కిటికీలకు రెక్కలు, లోపల వెలిగే బల్బు! "ఎవరు చేశార్రా?" అంటే, "నాన్న. నన్ను ముట్టుకోనివ్వలేదు" అన్నాడు. ఆ నాన్నగారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. ఆ వారంతో ప్రాజెక్టులు ఆపేశాను. అలాగని ఇంట్లో మీకు పని లేదని కాదు.

కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అన్న పేరు పెట్టింది జర్మనీకి చెందిన ఫ్రోబెల్. 1837లో బడి మొదలుపెట్టి, 1840లో దానికి ఆ పేరు ఖాయం చేశాడు. 1844లో ఆయన ఒక పాటల పుస్తకం తెచ్చాడు. అది తల్లుల కోసం, ఒళ్లో కూర్చోబెట్టుకుని వేళ్లతో ఆడించడానికి. అంటే ఈ బడిలో ఇంటికి మొదటి నుంచీ వాటా ఉంది.

సెలవుల్లో వర్క్‌షీట్లు అడగకండి, ఇవ్వను. కథ చదువుతూ మధ్యలో ఆపి "తర్వాత ఏమవుతుందంటావ్?" అనండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ ఆగడమే మన పెద్దవాళ్లకు చేతకాదు. చదవడం రాని తాతయ్యలు బొమ్మలు చూపించి మనవడితోనే కథ చెప్పించుకోవచ్చు. భోజనానికి ఎంతమందో చూసి కంచాలు వాళ్లనే తెమ్మనండి. ఒకటి తక్కువైతే మీరు చెప్పకండి, ఎవరి ముందు కంచం లేదో వాళ్లే చూసుకుంటారు.

వచ్చే శనివారం పిల్లలే మీకు తమ ఫైలు చూపిస్తారు. చాలామంది ఫైళ్లలో మొదటి బొమ్మ, తలకాయ నుంచే కాళ్లు మొలిచిన మనిషి. చివరికొచ్చేసరికి ఆ మనిషికి పొట్ట వచ్చింది, కొందరు చేతికి ఐదు వేళ్లూ లెక్కపెట్టి మరీ వేశారు. ఆ రోజు ఫోన్లు సంచిలో పెట్టేయండి. "బాగుంది" అనేసి పేజీ తిప్పకుండా "ఇదెవరు?" అని అడగండి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు పెట్టాను. చాలకపోతే పక్క గది ఖాళీగానే ఉంటుంది, అక్కడ కూర్చోవచ్చు. కుర్చీలు మాత్రం పిల్లలవే, కాస్త సర్దుకోవాలి.