ఫోన్-ఇన్: లాఠీ దెబ్బకు కాగితం, బస్తీ ఫండుకు రసీదు

వ్యాఖ్యాత: నమస్కారం. స్టేషన్లో దెబ్బలు తిన్నవాళ్ల పక్షాన నిలబడే బస్తీ కమిటీలు, ఆ కమిటీలకు కావలసిన డబ్బు. ఈ సాయంత్రం కాల్స్ ఈ రెండింటి మీదే. స్టూడియోలో ఒక న్యాయవాది, సంఘాల లెక్కలు చూసే ఒక ఆడిటర్ ఉన్నారు. ఫోన్ చేసేవాళ్లు పేరు, ఊరు, స్టేషన్ చెప్పనక్కర్లేదు. చెప్పకపోతేనే మంచిది. మొదటి కాల్ తీసుకుందాం.

కాలర్: నమస్తే మేడం. మా తమ్ముణ్ణి నిన్న రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి తీస్కపోయిన్రు. యూనిఫాం లేదు, నలుగురున్నరు. పొద్దుగాల స్టేషన్‌కి పోతే మా దగ్గర లేడు పో అంటున్రు. ఏం జెయ్యాలె?

న్యాయవాది: ఇప్పుడు ఆరున్నర. పంతొమ్మిదిన్నర గంటలైపోయాయి తమ్ముడూ, కాబట్టి తొందరగా చెబుతా, రాసుకో. ప్రయాణానికి పట్టే టైం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ లెక్క మీ ఇంట్లోంచి తీసుకెళ్లిన నిమిషం నుంచి మొదలవుతుంది. పోలీసులు కాగితం మీద అరెస్టు చూపించిన టైం నుంచి కాదు. అందుకే ‘రాత్రి 11కు తీసుకెళ్లారు’ అనే మాట ఈ రాత్రే ఎక్కడో ఒకచోట రికార్డు కావాలి.

ముందు 112కి ఫోన్ చెయ్యి. ఆ కాల్ రికార్డవుతుంది, టైం పడుతుంది. తర్వాత ఒకే మెసేజ్ రాసి ఎస్పీ లేదా కమిషనర్ ఈమెయిల్‌కి, వాట్సాప్ నంబరుకి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పంపు. ఒకప్పుడు పౌరహక్కుల వాళ్లు ఇలాంటప్పుడు టెలిగ్రాం కొట్టేవాళ్లు. 2013 జూలైలో ఆ సర్వీసు పోయింది. ఇప్పుడు ఆ పని ఈమెయిల్ చేస్తుంది.

కాలర్: ఏం రాయాలె అండ్ల?

న్యాయవాది: మనిషి పేరు, వయసు, ఒంటి మీద ఏ బట్టలున్నాయి, ఎన్నింటికి, ఎక్కణ్ణుంచి, ఎంతమంది, బండి నంబరు, చూసినవాళ్లు ఇద్దరు. అంతే. ‘కొడుతున్నారు’ అని నువ్వు చూడకుండా రాయకు, ‘ప్రాణానికి ముప్పు ఉందని భయపడుతున్నాం’ అని రాయి. ఎక్కువమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. కోపంతో నాలుగు పేజీలు రాస్తారు, అసలు టైం రాయడం మర్చిపోతారు. చూడని సంగతి ఒక్కటి రాసినా రేపు కోర్టులో మిగతావన్నీ అబద్ధమే అంటారు.

ఇంకో పని. మీ గల్లీ మొదట్లో షాపు కెమెరా ఏదైనా ఉందా?

కాలర్: కిరాణం షాపుకున్నది.

న్యాయవాది: ఈ రాత్రే ఆయన్ని అడిగి, పదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో. చిన్న షాపుల డబ్బాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది వారం పది రోజుల్లోనే ఎక్కేస్తుంది. అసలు డబ్బాని కదిలించొద్దు, ఫైలు పేరు మార్చొద్దు. ఫోన్‌తో స్క్రీన్‌ని వీడియో తీసుకుని ఊరుకోవద్దు, అది సాక్ష్యంగా నిలబడదు. తర్వాత కోర్టుకు ఇచ్చేటప్పుడు సాక్ష్య అధినియం, అంటే కొత్త సాక్ష్య చట్టం, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ పెట్టాలి, హ్యాష్ విలువతో సహా. ఫైలు మారలేదని చూపించే అంకెల గుర్తు అది. ఆ సర్టిఫికెట్ సంగతి మీ వకీలు చూసుకుంటాడు.

వ్యాఖ్యాత: స్టేషన్ వాళ్లు లేడంటూనే ఉంటే?

న్యాయవాది: పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 37 ప్రకారం ప్రతి స్టేషన్లో, జిల్లా కేంద్రంలో అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామా, నేరం కనబడేలా పెట్టాలి. దానికి ఏఎస్సైకి తగ్గని ఒక అధికారి బాధ్యుడు. ‘ఆ బోర్డు చూపించండి’ అని అడగండి. అందులో పేరు లేకపోతే బోర్డు ఫొటో తీసుకోండి, అదీ మీకు పనికొచ్చేదే. రేపు పొద్దున రెండు దారులున్నాయి. హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే పిటిషన్, ఒకటి. దగ్గర్లోని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర అదే చట్టం సెక్షన్ 100 కింద, అక్రమంగా ఉంచిన మనిషిని వెతికించే సెర్చ్ వారెంట్ పిటిషన్ రెండోది. చాలామందికి రెండోది తెలియదు. ఖర్చు తక్కువ, హైదరాబాద్ దాకో అమరావతి దాకో పోనక్కర్లేదు. కొన్ని కోర్టులు తమ తరఫున చూసిరావడానికి ఒక వకీలుని, అడ్వొకేట్ కమిషనర్ అంటారు, అప్పటికప్పుడు స్టేషన్‌కి పంపుతాయి. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండమ్మా.

కాలర్: మా అబ్బాయిని మూడు రోజులు ఉంచుకుని వదిలేశారండి. కేసేం రాయలేదు. అరికాళ్ల మీద కొట్టారు, తొడల మీద రోకలిలాంటిది పెట్టి దొర్లించారట. ఆస్పత్రికి తీసుకెళ్తే కానిస్టేబుల్ పక్కనే ఉన్నాడు. భయంతో బండి మీంచి పడ్డానని చెప్పాడండి. చీటీలో అదే రాశారు.

న్యాయవాది: అమ్మా, కేసు సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పండి. బాబుకి మూత్రం ఏ రంగులో వస్తోంది?

కాలర్: నల్లగా, డికాషన్లాగా వస్తోందన్నాడండి.

న్యాయవాది: అయితే ఫోన్ పెట్టగానే పెద్దాసుపత్రికి వెళ్లండి. రోకలి దొర్లించినప్పుడు కండ లోపల నలిగిపోతుంది. దాంట్లోంచి వచ్చేది కిడ్నీల్లో అడ్డుపడుతుంది. పైకి పెద్ద గాయం కనబడదు, అందుకే ఇళ్లల్లో పసుపు రాసి పడుకోబెడతారు. రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోతుంది. డాక్టర్‌తో ‘సీపీకే, క్రియాటినిన్ పరీక్షలు చేయండి’ అని పేరు పెట్టి అడగండి. మొదటిది కండ నలిగిందో చెప్పే రక్త పరీక్ష, రెండోది కిడ్నీలది. ప్రాణం నిలవడానికి అవే ముఖ్యం. సీపీకే చాలా ఎక్కువొస్తే, బండి మీంచి మామూలుగా పడినవాడికి అంత ఎందుకొస్తుందని తర్వాత డాక్టర్నే అడగొచ్చు.

వ్యాఖ్యాత: పాత చీటీ సంగతి?

న్యాయవాది: చింపెయ్యొద్దు, దాచండి. కొత్త ఆస్పత్రిలో ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయించండి, నంబరు తీసుకోండి. ఎవరు, ఎప్పుడు, దేంతో కొట్టారో బాబు తన నోటితో చెప్పాలి. ముందు వేరేగా ఎందుకు చెప్పాడో కూడా చెప్పాలి, పక్కన కానిస్టేబుల్ ఉన్నాడని. పరీక్ష జరుగుతుంటే పోలీసుల్ని బయట ఉంచమని డాక్టర్‌ని అడిగే హక్కుంది. ఫొటోలు పగటి వెలుతురులో తియ్యండి. ముందు మొహంతో సహా దూరం నుంచి ఒకటి, తర్వాత దగ్గర నుంచి ఒకటి, స్కేలో పది రూపాయల బిళ్లో పక్కన పెట్టి. ఇవాళ ఎర్రగా ఉన్నది రేపు నీలం, తర్వాత ఆకుపచ్చ, పసుపు అవుతుంది. అందుకే వారం రోజులు రోజూ తియ్యండి. లాఠీ దెబ్బకు తరచుగా రెండు సమాంతర గీతలు పడి మధ్యలో చర్మం పాలిపోయి ఉంటుంది. ఆ గీతలు ఫోకస్‌లో పడ్డాయో లేదో చూసుకోండి.

ఆ తర్వాత ఫిర్యాదు. స్టేషన్లో తీసుకోరు, అది మీకూ తెలుసు. అయినా రాసివ్వాలి, తీసుకోలేదని తేలాలి. తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4) ప్రకారం స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపి, రసీదు, డెలివరీ ప్రింటవుట్ దాచండి. ఆపైన అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర 175(3) పిటిషన్. ఈ రెండు మెట్లూ ఎక్కకుండా నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి పోయిన పిటిషన్లు తిరిగొచ్చేస్తుంటాయి. నేరం ఒప్పించడానికి కొట్టడం ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ సెక్షన్ 120 కిందికొస్తుంది. మీరు ఎస్సీ, ఎస్టీలైతే, కొట్టినవాళ్లు కాకపోతే, అట్రాసిటీ చట్టం కూడా రాయమనండి. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి.

వ్యాఖ్యాత: మానవ హక్కుల కమిషన్‌కి కూడా పంపాలా?

న్యాయవాది: పంపండి, తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. సంఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి. రాష్ట్ర కమిషన్‌కీ ఢిల్లీకీ రెండుచోట్లా పంపితే జాతీయ కమిషన్ పక్కన పెట్టేస్తుంది. ఒకటే ఎంచుకోండి.

కస్టడీలో ప్రాణం పోయిన కేసులైతే ఇంకో మాట. దహనం చెయ్యకండి, పాతిపెట్టండి. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్లో ఒక దళిత మహిళ చనిపోయినప్పుడు, అవసరమైతే దేహాన్ని వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేయించమని తెలంగాణ హైకోర్టు చెప్పింది. తర్వాత ముగ్గురు పోలీసులు ఉద్యోగం పోగొట్టుకున్నారు. దహనం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి ఒక కాలర్.

కాలర్: సార్, మా బస్తీల పోలీసోళ్ల ‘నేను సైతం’ స్కీం కింద కెమెరాలు పెడ్తమని ఇంటికి ఇంత అని అడుగుతున్రు. ఇయ్యకపోతే కేసైతదా? మా దగ్గర కార్డన్ సెర్చ్‌లు, గల్లీ మొత్తం చుట్టుముట్టి సోదా చేసుడు, కూడా ఎక్కువ.

న్యాయవాది: కేసేం కాదు. 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం జనం గుమిగూడే దుకాణాలకి, హాళ్లకి, సంస్థలకి కెమెరా తప్పనిసరి చేసింది, 30 రోజులు రికార్డింగ్ దాచాలంది. ఇళ్లవాళ్లు చందా ఇవ్వాలని అందులో లేదు. ఇస్తే ఇష్టంతో ఇవ్వండి, రసీదు తీసుకోండి. మీరు అడగాల్సింది ఇంకోటుంది, స్టేషన్లో కెమెరాలు పని చేస్తున్నాయా అని. 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు చెప్పింది. గేటు, రిసెప్షన్, వరండా, లాకప్, ఎస్సై గది, ఇన్‌స్పెక్టర్ గది, స్టేషన్ వెనక, అన్నిచోట్లా చీకట్లో కనబడే, మాట వినబడే కెమెరాలు ఉండాలి. రికార్డింగ్ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలి. చూడ్డానికి జిల్లా స్థాయి కమిటీ ఉండాలి.

ఎవరికైనా దెబ్బలు తగిలితే మొదటి వారంలోనే ‘ఫలానా తేదీ ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఫుటేజీ భద్రపరచండి’ అని ఎస్పీకి, ఆ కమిటీకి లెటర్ పెట్టండి. ‘ఇవ్వండి’ అంటే దర్యాప్తులో ఉందని ఆపుతారు. ‘భద్రపరచండి’ అన్నదానికి కాదనడానికి కారణం దొరకదు. తర్వాత చెరిగిపోయిందన్నారనుకోండి, మీ లెటర్ తేదీ వాళ్లని నిలదీస్తుంది. సమాచార హక్కు కింద కెమెరాల సంఖ్య, రిపేరు తేదీలు అడగండి. ఫీజు పది రూపాయలు, మండల స్థాయి ఆఫీసులో ఐదు. కార్డన్ సెర్చ్‌లో ఇంట్లోకొచ్చి సోదా చేస్తే, దాన్ని వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. ఆ వీడియో గురించి కూడా అదే దరఖాస్తులో అడగండి.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఆడిటర్ గారికి పని. కరీంనగర్ కాల్.

కాలర్: నమస్తే సార్. మా వాడలో పిల్లల్ని స్టేషన్‌కు పట్టకపోతున్నరని కమిటీ పెట్టినం. వకీలు ఖర్చులకు, ఒక చదువుల సెంటర్‌కు ఫోన్‌పేల 84 వేలు పోగైనయి. నా అకౌంట్లనే ఉన్నయి. ఇప్పుడు ఒకాయన లెక్క అడుగుతుండు.

ఆడిటర్: అడగనీ అన్నా, అడగడమే మంచిది. ఆ డబ్బు మీ అకౌంట్లో ఉన్నంత కాలం మూడు గండాలు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు అది మీ ఆదాయమంటారు. ఏదైనా కేసు కట్టి మీ అకౌంట్ ఆపేస్తే మీ జీతంతో పాటు వాడ డబ్బు కూడా ఆగుతుంది. మూడోది, మీ కమిటీని విడగొట్టాలనుకునేవాళ్లకి ‘తినేశాడు’ అనే మాట ఒక్కటి చాలు.

ఈ వారంలో చెయ్యాల్సింది చెబుతా. ఫోన్‌పే స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చెయ్యండి. ఇచ్చినవాళ్ల పేరు, తేదీ, మొత్తం, దేనికిచ్చారు అని నాలుగు గడుల పట్టిక రాయండి. దేనికిచ్చారో తెలియకపోతే ఫోన్ చేసి అడగండి, వాట్సాప్‌లో జవాబు తెప్పించుకోండి. కమిటీ మీటింగ్ పెట్టి ఆ పట్టికని మినిట్స్‌లో ఎక్కించండి. తర్వాత 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మెమొరాండంలో ఆశయాలు రాసేటప్పుడు న్యాయ సహాయం, వైద్య సహాయం, విద్య మూడూ విడివిడిగా రాయండి. చదువు ఒక్కటే రాసి తర్వాత వకీలు ఫీజు కడితే, ఆశయం దాటి ఖర్చు పెట్టారని ఆడిట్‌లో పట్టుకుంటారు.

కాలర్: ఒకటే అకౌంట్ చాలు గద సార్?

ఆడిటర్: చాలదు, రెండు తెరవండి. ఈ తప్పు చాలా కమిటీలు చేస్తాయి. న్యాయ సహాయ నిధి అకౌంట్‌ని ఏదో వంకతో ఆపితే చదువుల సెంటర్ అద్దె, ట్యూషన్ చెప్పే అమ్మాయి జీతం ఆగకూడదు. ఒక్కో అకౌంట్‌కి ముగ్గురు సంతకందార్లు, చెక్కు మీద ఏ ఇద్దరైనా. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కావొద్దు. మీద కేసులున్నవాళ్లు, కేసులు పడే అవకాశమున్నవాళ్లు సంతకందార్లుగా వద్దు, ఎంత మంచివాళ్లైనా సరే.

ఖర్చు వైపు: నగదు మనిషి చేతికి ఇవ్వకండి. ఆస్పత్రి బిల్లు ఆస్పత్రికే, మందుల షాపుకే కట్టండి. వకీలుకు చెక్కు. కోర్టుకి పోయే బస్ చార్జీ, జిరాక్స్, సర్టిఫైడ్ కాపీల ఫీజు లాంటి చిన్నవాటికి వోచర్. మేడం చెప్పినట్టు వకీలు ఉచితంగా దొరుకుతాడు కాబట్టి నిజంగా పైసలు పోయేది ఈ చిన్న ఖర్చులకే. కేసు నాలుగేళ్లు నడిస్తే కూలి పోగొట్టుకుని వాయిదాకొచ్చే సాక్షిని నిలబెట్టేది ఆ బస్ చార్జీయే. అందుకే మొదటి నెలలోనే మొత్తం నిధిని సీనియర్ లాయర్ ఫీజుకి పోసెయ్యకండి.

నెలకోసారి రెండు అకౌంట్ల లెక్కా కాగితం మీద రాసి సెంటర్ గోడకి అతికించండి. దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు అందులో వద్దు. ‘కేసు 1, కేసు 2’ అని రాస్తే చాలు.

వ్యాఖ్యాత: చివరి కాల్, డల్లాస్ నుంచి.

కాలర్: నమస్తే అండి. మా ఊళ్లో ఇలాంటి సెంటర్‌కే పది మందిమి కలిసి పంపుదామనుకుంటున్నాం. కొందరికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చేసింది. నేరుగా పంపొచ్చా?

ఆడిటర్: పాస్‌పోర్ట్‌ని బట్టి ఉంటుందండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు. గ్రీన్‌కార్డ్ ఉన్నా పర్లేదు. సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఉండాలి. దానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. చిన్న కమిటీకి అది అందదు.

కాలర్: వాళ్ల డబ్బు కూడా నా అకౌంట్లో వేసి నేను పంపితే?

ఆడిటర్: వద్దు. అదే పెద్ద ప్రమాదం. మీ పేరు మీద వచ్చినా డబ్బు వాళ్లదే, స్టేట్‌మెంట్ చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పోలీసుల మీద పిటిషన్లు వేసే సంఘాన్ని మూయించడానికి అంతకన్నా తేలికైన సాకు దొరకదు. ఊళ్లో వాళ్ల అన్నదమ్ములకి ‘గిఫ్ట్’గా పంపి, వాళ్లచేత సొసైటీకి వేయించడం కూడా అదే తప్పు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే పంపండి. ఒక్కొక్కరూ విడిగా, ప్రవాసులకి మన బ్యాంకుల్లో ఉండే తమ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి. పాస్‌పోర్ట్ మొదటి పేజీ కాపీ మీద ‘నా సొంత సంపాదన’ అని రాసి సంతకం చేసి జత చెయ్యండి. సిటిజన్లు అయినవాళ్లు డబ్బు కాకుండా పని ఇవ్వొచ్చు. పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పడం, పిటిషన్లు టైప్ చేసిపెట్టడం, ఆస్పత్రి రిపోర్టులు చదివి చెప్పడం. దానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

వ్యాఖ్యాత: లైన్లో ఇంకా పదకొండు మంది ఉన్నారు, కానీ వార్తల టైం అయింది. మొదట ఫోన్ చేసిన తమ్ముడు వింటుంటే, మన ఆఫీసు నంబరుకి మెసేజ్ పెట్టు, మేడం ఇంకో అరగంట ఇక్కడే ఉంటారు.